మాఫీకి ముందురోజు

ఆయన పోయిన రోజు నేను తొమ్మిదో తరగతి వాళ్ళకి వ్యాసం ఎలా మొదలుపెట్టాలో చెబుతున్నాను, ఊరికే పొగడకండి, విషయంలోకి రండి అంటున్నాను, అంతలో ప్యూను వచ్చి గుమ్మంలో నిలబడి నా మొహం చూడకుండా గోడకేసి చూస్తూ హెడ్మాస్టరుగారు పిలుస్తున్నారు అన్నాడు, గోడకేసి చూసినప్పుడే అర్థం కావలసింది నాకు, కాలేదు, ఏ పరీక్షల డ్యూటీయో వేస్తారు కాబోలు అనుకుంటూ వెళ్ళాను, మావారు తన కళ్ళజోళ్ళ కొట్లో, కళ్ళు పరీక్ష చేయించుకునే వాళ్ళని కూర్చోబెట్టే కుర్చీలో, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట, ఎదురుగా అక్షరాల పట్టిక, పైన పెద్దవి, కిందికి పోనుపోను చిన్నవి, ఏ వరస దాకా చూశారో, మేడమ్, ఆ కుర్చీకి ఎంత వేద్దాం అంటున్నాడు ఆడిటరు, రెండోసారి అడుగుతున్నట్టున్నాడు, గొంతులో ఓపిక కనిపించేలా ఓపిక పడుతున్నాడు, కాలితో తొక్కితే పైకి లేస్తుందన్నారు కదా, పాతదే కదా, తుప్పు ఉందనుకుందామా, అన్నాడు, అనుకుందామా అట, తుప్పు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, అనుకోవడానికి అదేమన్నా దేవుడా, తుప్పు లేదండీ, ఆయన వారానికోసారి తుడిచి నూనె వేసేవారు అన్నాను, పక్కనుంచి మా బావగారు, మూడువేలు పడేయండి, ఎవడు చూడొచ్చాడు, అన్నారు, బావగారి దగ్గర అన్ని రోగాలకీ ఇదొక్కటే మందు, ఎవడు చూడొచ్చాడు, కింద టైర్ల దుకాణం, ఆ రబ్బరు వాసన మెట్లెక్కి వచ్చి ఈ గదిలో ఫైళ్ళకీ కర్టెనుకీ ఆడిటరు చొక్కాకీ పట్టేసింది, మూడువేలు అని అతను కంప్యూటర్లో కొట్టాడు, నా భర్త ఆఖరిసారి కూర్చున్న చోటు మూడువేలు.

ఇదంతా మాఫీ వల్ల, ఆ మాట విన్నప్పుడే నేను అనుమానించాల్సింది, ఎవరూ ఎవరికీ ఊరికే ఏదీ వదిలిపెట్టరని పాతికేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని, ఆయన ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా వంటగదిలోకి వచ్చి మాఫీ అయింది అన్నారు, బ్యాంకు వాళ్ళు ఇరవైరెండు లక్షల్లో పదమూడు కట్టించుకుని తొమ్మిది వదిలేశారు, ఆ పదమూడులో కొంత నా ప్రావిడెంట్ ఫండు, కొంత అద్దాలు కోసే కొత్త యంత్రం అమ్మితే వచ్చింది, అంటే నా ముసలితనం, ఆయన వ్యాపారం, రెండూ వాళ్ళకిచ్చాక మేనేజరు లేచి నిలబడి చెయ్యి కలిపాడట, మీలాంటి నిజాయితీపరులకి చెయ్యకపోతే ఇంకెవరికి చేస్తామండీ అన్నాడట, ఆ ముక్క ఈయన నాకు మూడుసార్లు చెప్పారు, అన్నం తింటూ ఒకసారి, దీపం ఆర్పుతూ ఒకసారి, చీకట్లో ఒకసారి, ఇంత కనికరం గల ఆ మేనేజరు ఆ తొమ్మిది లక్షల సంగతి పన్నుల ఆఫీసుకి తెలియజేస్తామని మాత్రం చెప్పలేదు, చెప్పడం తన పని కాదనుకుని ఉంటాడు, కాఫీ ఇప్పించడం తన పని, చెయ్యి కలపడం తన పని, మావారు పోయిన రెండో నెలలో నోటీసు వచ్చింది, మాఫీ అయిన అప్పు ఆ ఏడాది ఆదాయం కిందికి వస్తుందట, ఈ ఆడిటరే విడమరిచి చెప్పాడు, చాలా సింపుల్ మేడమ్, మీకెవరైనా తొమ్మిది లక్షలు ఇస్తే ఆదాయమా కాదా, ఆదాయమే, మీరు ఇవ్వాల్సిన తొమ్మిది లక్షలు ఇవ్వక్కర్లేదన్నా అంతే, ఏదో ఒక చేత్తో మీరు తీసుకున్నట్టే, అని చేతులు రెండూ చాపి చూపించాడు, ఉంగరాలున్న చేతులు, ఆ తొమ్మిది లక్షలూ ఏ రోజూ మా ఇంటి గడప తొక్కలేదండీ అన్నాను, చట్టానికి గడపలుండవు మేడమ్ అని నవ్వాడు, తన మాటకి తనే ముచ్చటపడ్డాడు, ఇంతకుముందు కూడా ఎవరి దగ్గరో వాడి మెరుగుపెట్టుకున్న మాటే అయివుంటుంది.

దానికి తోడు మూడేళ్ళుగా రిటర్నులే వేయలేదు ఈయన, పన్నుల ఆఫీసు నుంచి కవర్లు వస్తే విప్పకుండా ఫ్రేముల ట్రేల అడుగున పెట్టేవారు, ఊళ్ళో వాళ్ళందరికీ చూపు సరిచేసిన మనిషి, సూదిలో దారం ఎక్కించలేనివాళ్ళు కూడా ఈయన పెట్టిన జోడుతో పేపరు చదివేవారు, ఆ కవరు మీద అంతలేసి అక్షరాలు మాత్రం ఈయనకి ఆనలేదు, ఆ పాత పన్ను పెద్ద మొత్తమేం కాదు, నా జీతంలోంచి నెలనెలా కట్టుకోవచ్చు, ప్రాణం తీసేది ఈ తొమ్మిది లక్షలే, దాని మీద పన్నూ, జరిమానా, వడ్డీ కలిపితే మూడు లక్షలు దాటుతోంది, కట్టకపోతే ఫ్లాటు మీదికి వస్తారు, మూడో అంతస్తులో రెండు గదులు, కిటికీ తీస్తే నీళ్ళట్యాంకు, దానిమీదే ఇంకా ఇంటిలోను నడుస్తోంది, అయినా అది ఒక్కటే నాకున్న చోటు, పిల్లలు లేనిదానికి ఇల్లెందుకన్నట్టు మాట్లాడినవాళ్ళున్నారు, పిల్లలు లేనివాళ్ళు వరండాల్లో పడుకుంటారు కాబోలు.

బావగారు బిస్కెట్టు తింటున్నారు, ఆడిటరు మర్యాదకి పెట్టించిన క్రీము బిస్కెట్లు, రెండు పలకలూ విడదీసి ముందు క్రీము తినేసి తర్వాత ఒట్టి పలకలు టీలో ముంచుతున్నారు, అరవై ఏళ్ళ మనిషి, ఇంటికి పెద్ద, వాడు నా తమ్ముడమ్మా, నువ్వు ఒంటరిదానివి కావు, నేను చూసుకుంటాను, అని తన కార్లో నన్ను ఇక్కడికి తెచ్చిన మనిషి, శవం పక్కన కూర్చుని బంగారంలాంటి మనిషమ్మా మావాడు, కోట్లు పోసినా దొరకడు, అని వచ్చినవాళ్ళందరికీ చెప్పిన నోరే ఇప్పుడు, వాడి దగ్గర ఏముందండీ, బొచ్చెడు ఫ్రేములు, ఆ డొక్కు స్కూటరు, అంటోంది, బంగారం మూడు నెలల్లో బొచ్చెగా మారింది, దీనికీ ఒక చట్టముంది, మాఫీకి ముందురోజు మనిషి అప్పులు అతని ఆస్తులకన్నా ఎక్కువగా ఉంటే, ఎంత ఎక్కువుంటే అంతమేరకు మాఫీ సొమ్ముని ఆదాయం కింద లెక్కకట్టరట, మునిగిపోయినవాణ్ణి పిండితే నీళ్ళు తప్ప ఏమొస్తాయి మేడమ్ అన్నాడు ఆడిటరు, ఇదీ వాడిన మాటే అయివుంటుంది, కాబట్టి మనం చెయ్యాల్సింది ఒక్కటే, ఆరోజు మీవారికి ఏమీ లేదని చూపించడం, ఎంత తక్కువ చూపిస్తే మీకు అంత మంచిది, అని నావైపు ప్రోత్సాహకరంగా చూశాడు, తప్పు జవాబు చెప్పబోయే పిల్లవాణ్ణి నేను చూసినట్టు, కట్టుకున్నవాడు ఎందుకూ పనికిరానివాడని సంతకం చేసి ఒప్పుకుంటే ప్రభుత్వం జాలిపడుతుంది, ఇలాంటి మాటలు మామూలుగా ఆడవాళ్ళు వంటింట్లో చాటుగా అనుకుంటారు, నన్ను మూడు ప్రతుల్లో రాసిమ్మంటున్నారు.

స్కూటరు, ఎనిమిది వేలు, పరీక్ష అద్దాల పెట్టె, అందులో రెండు అద్దాలు లేవు కాబట్టి నాలుగు వేలు, అమ్ముడుపోని ఫ్రేములు రెండు ట్రేలు, ఫ్యాషన్ పోయింది కదమ్మా, తూకానికి వేద్దాం, చేతిగడియారం, ఇది మీ పెళ్ళిదా, అయితే నిల్ అన్నాడు ఆడిటరు, పెళ్ళినాటిదైతే విలువ ఎందుకు లేదో నేను అడగలేదు, అన్నీ ముందురోజు లెక్క ప్రకారం మేడమ్, మాఫీ ఉత్తరం మీద తేదీ పన్నెండు, కాబట్టి పదకొండో తేదీన మీవారి పరిస్థితి ఏమిటి అన్నదే ప్రశ్న, అన్నాడు, పదకొండో తేదీ ఆదివారం, నాకు తెలుసు, ఎందుకంటే మర్నాడు నాకు ఇన్‌స్పెక్షను, ఆదివారమంతా పాఠ్యప్రణాళికలు రాస్తూ కూర్చున్నాను, ఆయన నా కళ్ళజోడు అడక్కుండానే తీసుకెళ్ళి బాల్కనీలో కింద కూర్చున్నారు, కాడ దగ్గర స్క్రూ వదులైందని నేను నెలరోజులుగా దారం కట్టుకుని తిరుగుతున్నాను, కళ్ళజోళ్ళాయన పెళ్ళానికి దారం కట్టిన జోడా అని స్టాఫ్‌రూములో నవ్వేవాళ్ళు, బనీనుతో, ఒళ్ళో తెల్లటి గుడ్డ పరుచుకుని, ఆ గుడ్డ మీద చీమంత స్క్రూ, పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు, జోడు లేక నాకు ఆయన మసగ్గా కనిపిస్తున్నారు, తెల్లటి గుడ్డ, దాని పైన ఒక ఆకారం, ఎంతసేపండీ అని విసుక్కున్నాను, వస్తున్నా పంతులమ్మగారూ అన్నారు పళ్ళ మధ్య నుంచి, తెచ్చి తనే నా మొహానికి పెట్టి చెవుల వెనక సర్ది రెండడుగులు వెనక్కి వేసి కనిపిస్తున్నానా అన్నారు, కనిపిస్తున్నారు అన్నాను, వెంటనే మళ్ళీ పుస్తకంలోకి తల దించేసుకున్నాను, ఇన్‌స్పెక్షను కదా, పదకొండో తేదీన మీవారి పరిస్థితి, బాగానే ఉన్నారండీ.

ఏంటి మేడమ్, అన్నాడు ఆడిటరు, పైకి అన్నానేమో, ఏం లేదు, కానివ్వండి అన్నాను, అతను కంప్యూటరు తెర కొంచెం నావైపు తిప్పాడు, అంతా కూడితే అప్పులు ఆస్తుల్ని పదిలక్షలు దాటాయి మేడమ్, మనం సేఫ్, ఒక్కటే చిన్న డౌటు, అని బ్యాంకు స్టేట్‌మెంటులో ఒకచోట వేలు పెట్టాడు, లోను వచ్చిన నెలలోనే ఎనిమిది లక్షలు రెండు విడతలుగా బయటికి వెళ్ళాయి, సర్‌గారి పేరుమీదికే, అని బావగారి వైపు చూశాడు, ఇదేంటి సర్, ఇది రావాల్సిన బాకీ అయితే ఆస్తుల్లోకి వస్తుంది, తేడా రెండు లక్షలకి పడిపోతుంది, మిగతా ఏడూ ఆదాయమే, బావగారు మూతి తుడుచుకున్నారు, తీరిగ్గా, ఓ పక్కా ఇంకో పక్కా, అబ్బే, అది వాడు నాకివ్వాల్సింది, పాతది, మా నాన్నగారి వైద్యానికి అంతా నేనే పెట్టాను, వాడి వంతు వాడు సర్దాడు, అంతే, ఏమ్మా, అన్నారు, ఏమ్మా అని నావైపు తిరిగినప్పుడు ఆయన కళ్ళజోడు మీద ట్యూబులైటు మెరిసింది, అదీ మా కొట్లోదే, దానికీ డబ్బివ్వలేదు, మామగారి వైద్యమా, మామగారు ఆసుపత్రి గడప తొక్కకుండా పోయారు, ఎవరికీ ఖర్చు పెట్టించకూడదని మొండికేసి పోయారు, ఆ ఎనిమిది లక్షలూ ఎక్కడున్నాయో నాకు తెలుసు, బావగారింటి పై అంతస్తులో ఉన్నాయి, నున్నటి టైల్సూ, స్టీలు రెయిలింగూ అయి ఉన్నాయి, పైన ఇద్దరు అద్దెకుంటున్నారు, నెలనెలా ఒకటో తేదీకి అద్దె వస్తుంది, ఆరునెలల్లో సర్దేస్తానురా అని తీసుకున్నారు, కొత్త యంత్రానికని తెచ్చిన లోనులోంచి, అందుకే యంత్రం వాయిదాలు మొదట్నుంచీ తప్పుతూ వచ్చాయి, అందుకే బాకీ పడింది, అందుకే మాఫీ, బ్యాంకు దయతలచి వదిలేసింది నా భర్తని కాదు, ఆ పై అంతస్తుని, గృహప్రవేశానికి నన్నే ముగ్గు వెయ్యమన్నారు, నీ చేతి రాతలాగే ముగ్గూ గుండ్రంగా ఉంటుందమ్మా అన్నారు.

ఆడిటరు ఇద్దరి మొహాలూ చూశాడు, ఇలాంటి గదిలో ఇలాంటి మొహాలు చాలా చూసి ఉంటాడు, తొందరేం లేదన్నట్టు కుర్చీలో వెనక్కి వాలి, నాకు రెండూ ఒకటే మేడమ్, మీరు చెప్పింది వేస్తాను, సంతకం మీది, అన్నాడు, తర్వాత పాపం మాటవరసకే అన్నాడు, అప్పే అయితే కంగారేం లేదు మేడమ్, ఆ ఎనిమిదీ వస్తే పన్ను పారేసినా మీ చేతిలో అయిదు మిగులుతుంది, ఇంటి జోలికి ఎవరూ రారు, ఈ ముక్క ఇంత తేలిగ్గా ఎవరైనా చెప్పగలరని నాకు తోచలేదు, నెలరోజులుగా ఒక మనిషిని కుర్చీతో సహా, గడియారంతో సహా ఎందుకూ కొరగాడని తేల్చడానికి ముగ్గురం తలలు బద్దలుకొట్టుకుంటున్నాం, నేను సెలవులు పెట్టి, బావగారు పెట్రోలు పోసుకుని, ఈయన ఫీజు తీసుకుని, రెండో దారి పక్కనే కాళ్ళు బార్లా చాపుకుని బిస్కెట్లు తింటోంది, ఈయనకి, అంటే మావారికి, ఈ లెక్క తెలీదా, తెలుసు, బ్యాంకు మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడి నా దగ్గర ఏమీ లేదండీ అని చెప్పడానికి సిగ్గుపడలేదు, నా ప్రావిడెంట్ ఫండు కాగితాల మీద సంతకం పెట్టించుకోవడానికి సిగ్గుపడలేదు, అన్నయ్యా నా డబ్బు అనడానికి మాత్రం నోరు పెగల్లేదు, పండగలకీ పబ్బాలకీ కలిసినప్పుడు పక్కపక్కనే కూర్చుని భోంచేసేవారు, ఈయన తన ఆకులో స్వీటు తీసి ఆయన ఆకులో వేసేవారు, చిన్నప్పట్నుంచీ అలవాటట, చూసి నాకు ఒళ్ళు మండేది, భయానికి ప్రేమ అని పేరు పెట్టుకున్న మనిషి, మెత్తటి మనిషి అని లోకం అంటుంది, మెత్తగా ఉండేది పండు అయినా కావచ్చు, కుళ్ళు అయినా కావచ్చు.

అది పాతబాకీ కాదండీ, అప్పే, అన్నాను ఆడిటరుతో, పైకే అన్నాను, క్లాసులో చివరి బెంచీకి వినిపించేంత గొంతుతో, పాతబాకీ అని నేను సంతకం పెట్టను, గదిలో ప్రింటరు ఏదో కాగితం బయటికి నెడుతోంది, బావగారు కోప్పడతారనుకున్నాను, కోప్పడితే బాగుండేది, ఆయన నవ్వారు, పిల్లల మాటకి నవ్వినట్టు, కప్పు బల్ల మీద పెట్టి అన్నారు, అప్పయితే వాడు అడగడామ్మా, ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా అడిగాడా, పోనీ వాడు మొహమాటస్థుడు, నువ్వడిగావా, కార్లో ఇంతసేపు పక్కనే కూర్చుని వచ్చావు, అడిగావా, అప్పిచ్చినవాళ్ళు అడక్కుండా ఉంటారటండీ, అని ఆడిటరు వైపు తిరిగి న్యాయం చెప్పమన్నట్టు చూశారు, ఆడిటరు సోమవారం దాకా గడువుంది, ఇంట్లో మాట్లాడుకుని రండి, అని ఫైలు మూశాడు, నేను సంచీ తీసుకుని లేచాను, బావగారు చెప్పింది నిజం, ఈ గదిలో ఇవాళ చెప్పిన వాటిలో ఆ ఒక్కటే నిజం.

మెట్లు దిగుతున్నాను, రబ్బరు వాసన ఒక్కో మెట్టుకీ చిక్కబడుతోంది, బావగారు ముందు నడుస్తూ జాగ్రత్తమ్మా, ఇక్కడ మెట్టు విరిగింది అంటున్నారు, జాగ్రత్తగానే దిగుతున్నాను, ఇన్నాళ్ళూ మేనేజరుని చూసి నవ్వుకున్నాను, ఆడిటరు ఉంగరాలు చూసి నవ్వుకున్నాను, బిస్కెట్టు క్రీము చూసి అసహ్యించుకున్నాను, పోయిన మనిషిని పిరికివాడని తీర్పు చెప్పాను, అందరి పేపర్లూ దిద్దేశాను, ఎర్రసిరాతో, మనసులో, అక్కడైతే ఎంత కరుగ్గా దిద్దినా ఎవరూ ఏమీ అనుకోరు, అసహ్యించుకోవడానికి ఖర్చేం లేదు, నోరు విప్పనక్కర్లేదు, ఎదుటివాడి మొహం మారడం చూడనక్కర్లేదు, మావారు ఆకులో స్వీటు తీసి వేశారు, నేను వేయలేదు, పక్కన కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను, బావగారి వైపు నుంచి చూస్తే ఆ రెంటికీ తేడా ఏమిటి, ఆయనకి రెండూ ఒకటే, రెండు చోట్లా డబ్బు అడగలేదు, మావారిది భయం, నాది మర్యాద అనుకుంటూ వచ్చాను, బావగారు కారు తలుపు తీసి పట్టుకున్నారు, ఎక్కి కూర్చున్నాను, ఏసీ నావైపు తిప్పారు, ఇంటికేగా అమ్మా అన్నారు, ఇంటికే అన్నాను, సందు దాటాం, సిగ్నలు దగ్గర ఆగాం, ఇప్పుడు అడగొచ్చు, బావగారూ, మీరు తీసుకున్న ఎనిమిది లక్షలూ నాకివ్వండి, అంతే, ఇంత చిన్న వాక్యం, ఏ తరగతి పిల్లవాడైనా తప్పు లేకుండా రాస్తాడు, దీపం పచ్చబడింది, కారు కదిలింది, ఆ డబ్బు ఇమ్మని మావారు అడగలేదు, నేనూ ఇంకా అడగలేదు.